అమెరికాలో కారు మెకానిక్ చదువు: కమ్యూనిటీ కాలేజీలో ఏ దారి ఎవరికి నప్పుతుంది

ఇంజనీరింగ్ సీటు దగ్గర కాలేజీ పేరు చూస్తాం. మెకానిక్ చదువు దగ్గర ఆ లెక్క పనికిరాదు. షాపు ఫోర్‌మన్ కొత్తగా వచ్చినవాణ్ని అడిగేవి మూడే: ఎవరి సాయం లేకుండా బ్రేకులు చేయగలవా, మల్టీమీటర్‌తో వోల్టేజ్ డ్రాప్ (తీగలో, కనెక్షన్లలో పోయే వోల్టేజ్) చూడడం వచ్చా, సొంత పనిముట్లు ఏమున్నాయి. ఇవి తరగతిలో సగమే వస్తాయి. మిగతా సగం జీతమిచ్చే షాపులో వస్తుంది. అందుకే ఇక్కడ అన్ని దారుల్నీ ఒకే కొలతతో చూస్తున్నాం: చదువు మొదలుపెట్టిన ఎన్నాళ్లకు మీరు జీతం మీద షాపులో నిలబడతారు?

ఈ కోర్సు కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే చోట్లే తీసుకున్నా, కూపర్టినోలో డి ఆంజా, శాన్ హోజేలో ఎవర్‌గ్రీన్ వ్యాలీ, డల్లాస్‌కు ఉత్తరాన అలెన్‌లో కాలిన్ కాలేజీ టెక్నికల్ క్యాంపస్, మిషిగన్‌లో వాష్టెనా, మెకోంబ్ కాలేజీలు ఆటోమోటివ్ కోర్సులు నడుపుతున్నాయి. మనవాళ్లలో చాలామంది ఈ పేర్లు పిల్లల డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్‌లో ఉండగానే కాలేజీ క్రెడిట్లు వచ్చే) క్లాసుల కోసమే విని ఉంటారు.

ముందు కాగితాల సంగతి

ఏ కోర్సు బాగుంటుందన్న ప్రశ్నకంటే ముందు, మీకు పనిచేసే అనుమతి ఉందా అన్నది తేలాలి. సగం దారులు ఇక్కడే మూసుకుపోతాయి.

గ్రీన్ కార్డో, పౌరసత్వమో ఉంటే అన్నీ తెరిచే ఉంటాయి. ఫాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సాయానికి దరఖాస్తు) ఫారం నింపితే, ఆదాయాన్ని బట్టి పెల్ గ్రాంటు వస్తుంది. తిరిగి కట్టక్కర్లేని డబ్బు అది. 2024-25లో గరిష్ఠంగా 7,395 డాలర్లు. కుటుంబ గ్రీన్ కార్డు మీద కొత్తగా వచ్చినవాళ్లు తమకు ఇది వర్తించదనుకుని వదిలేస్తుంటారు, కానీ వర్తిస్తుంది. దీనికి ఇండియాలో బీటెక్కో డిగ్రీయో చేసి ఉండకూడదు. పెల్ మొదటి బ్యాచిలర్ డిగ్రీ లేనివాళ్లకే, బయటి దేశపు డిగ్రీని కూడా డిగ్రీగానే లెక్కేస్తారు.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు వేరే అనుమతి లేకుండానే చదువుకోవచ్చు. పని చేయాలంటే మాత్రం ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, కావాలి. అది రావాలంటే హెచ్-1బీ మీద ఉన్న భాగస్వామికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం యజమాని వేసే పిటిషన్) ఆమోదమైనా అయి ఉండాలి, ఆరేళ్లు దాటి హెచ్-1బీ పొడిగింపైనా దొరికి ఉండాలి. ఈఏడీ లేకుండా "జీతం వద్దు, ఊరికే నేర్చుకుంటాను" అని షాపులో చేరడం కూడా ప్రమాదమే. డబ్బు తీసుకోకపోయినా అది ఉద్యోగం కిందికే రావచ్చు. ఫెడరల్ ఆర్థిక సాయం హెచ్-4కు లేదు. స్థానికుల ఫీజు మాత్రం కాలిఫోర్నియా, టెక్సస్ లాంటి చోట్ల, నివాస నిబంధనలు పూర్తయితే హెచ్-4 వాళ్లకూ దొరుకుతుంది. చేరకముందే అడ్మిషన్స్ ఆఫీసులో రెసిడెన్సీ తేల్చుకోండి. ఎందుకంటే తేడా అంతా అక్కడే ఉంది. కాలిఫోర్నియాలో స్థానికులకు సెమిస్టర్ యూనిట్ (చదువును లెక్కేసే కొలత) 46 డాలర్లు. బయటివాళ్లకు దానిమీద యూనిట్‌కు మరో 300 పైచిలుకు పడుతుంది.

ఇండియా నుంచి నేరుగా ఈ చదువుకే రావాలనుకునేవాళ్లకు మా మాట: వద్దు. వృత్తి కోర్సులకిచ్చే ఎం-1 వీసా మీద చదువుతుండగా పనిచేయడానికి వీల్లేదు. చదివిన ప్రతి నాలుగు నెలలకు ఒక నెల చొప్పున, ఎంత చదివినా ఆరు నెలలకు మించకుండా, చదువయ్యాక ప్రాక్టికల్ ట్రైనింగ్ దొరుకుతుంది. మెకానిక్ ఉద్యోగానికి బ్యాచిలర్ డిగ్రీ అర్హత కాదు కాబట్టి ఆ పై హెచ్-1బీ దారీ లేదు. పెట్టిన డబ్బు తిరిగొచ్చే లెక్క కుదరదు.

సర్టిఫికెట్టా, అసోసియేట్ డిగ్రీయా

రెండింట్లోనూ వర్క్‌షాప్ క్లాసులు చాలావరకు ఒకటే. బ్రేకులు, సస్పెన్షన్, ఎలక్ట్రికల్, ఇంజన్ పెర్ఫార్మెన్స్, ఏసీ, ట్రాన్స్‌మిషన్. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీకి అదనంగా ఇంగ్లీషు, లెక్కలు, సామాజిక శాస్త్రం లాంటివి కలుస్తాయి. మొత్తం 60 సెమిస్టర్ యూనిట్లు. డి ఆంజా లాంటి క్వార్టర్ పద్ధతి కాలేజీలో 90. అక్కడ యూనిట్ ఫీజు 31 డాలర్లే కాబట్టి మొత్తం ఫీజు సుమారు అంతే అవుతుంది: 46 లెక్కన 2,760, 31 లెక్కన 2,790.

షాపులో చేరడానికి సర్టిఫికెట్ చాలు. డిగ్రీ చూసి గంటకు ఎక్కువిచ్చే యజమానులు అరుదు. అయితే మూడు చోట్ల డిగ్రీ పనికొస్తుంది. ఒకటి, కౌంటీ, నగర ఫ్లీట్ (ప్రభుత్వ వాహనాల) ఉద్యోగాలు, రవాణా సంస్థల ఉద్యోగాలు. రెండు, పదేళ్ల తర్వాత నడుం సహకరించనప్పుడు సర్వీస్ మేనేజర్‌గానో, కాలేజీ ఇన్‌స్ట్రక్టర్‌గానో మారడం. మూడు, ఏఎస్ఈ సర్టిఫికేషన్, అంటే మెకానిక్ నైపుణ్యానికి దేశమంతా చెల్లే గుర్తింపు. ఆ పరీక్షలు ఎవరైనా రాయొచ్చు. కార్ల రిపేరుకు సంబంధించిన ఏ-సిరీస్ పరీక్షలు పాసైనా రెండేళ్ల పని అనుభవం చూపిస్తేనే సర్టిఫికేషన్ చేతికొస్తుంది. రెండేళ్ల ఆటోమోటివ్ డిగ్రీ ఉంటే అందులో ఒక ఏడాది తగ్గుతుంది.

హైస్కూల్ అయిపోయిన పద్దెనిమిదేళ్ల పిల్లవాడైతే డిగ్రీకే పేరు నమోదు చేసుకుని, మధ్యలో సర్టిఫికెట్ అందుకుని, షాపులో చేరి, మిగిలిన సబ్జెక్టులు సాయంత్రాల్లో పూర్తి చేయడం మంచిది. ఇండియాలో బీటెక్కో డిగ్రీయో చేసి వచ్చినవాళ్లు సర్టిఫికెట్‌తో ఆపేయొచ్చు. పాత మార్కుల జాబితాలు మూల్యాంకనం చేయిస్తే కొన్ని కాలేజీలు సాధారణ సబ్జెక్టులకు మినహాయింపు ఇస్తాయి. అది దొరికితే డిగ్రీ కూడా తక్కువ కష్టంతో అవుతుంది. మెకానికల్ బీటెక్ వాళ్లకో హెచ్చరిక: థర్మోడైనమిక్స్ వచ్చినంత మాత్రాన తుప్పు పట్టిన బోల్టు తల విరగకుండా రాదు. మొదటి సెమిస్టర్ వదిలేసి పై క్లాసులో చేరతామని పట్టుబట్టకండి.

కంపెనీ ప్రోగ్రాములు: దొరికితే అదృష్టమే, కానీ

టయోటా టీ-టెన్, జనరల్ మోటార్స్ ఏఎస్ఈపీ, ఫోర్డ్ అసెట్, హోండా పాక్ట్, మోపార్ క్యాప్. ఇవి వేరే కాలేజీలు కావు, కొన్ని కమ్యూనిటీ కాలేజీల లోపలే నడిచే ప్రత్యేక బ్యాచ్‌లు. కొన్ని వారాలు కాలేజీలో, కొన్ని వారాలు డీలర్‌షిప్‌లో జీతం మీద, ఇలా మార్చి మార్చి సాగుతుంది. క్లాసులో బ్రేకులు చదివి రాగానే డీలర్‌షిప్‌లో చేతికి బ్రేకు పనులే ఇస్తారు. కంపెనీ శిక్షణ క్రెడిట్లు కూడా ఖాతాలో పడతాయి, డీలర్ దగ్గర జీతం పెరిగేది వాటిని బట్టే. మా కొలతలో వీటిని మించిన దారి లేదు, మొదటి ఏడాదిలోనే మీరు జీతం మీద షాపులో ఉంటారు.

చిక్కు స్పాన్సర్ దగ్గరుంది. మిమ్మల్ని తీసుకుంటానని ఒక డీలర్ ఒప్పుకోవాలి. సాధారణంగా వాళ్లు చూసేవి: పని అనుమతి, డ్రైవింగ్ లైసెన్సు, డ్రగ్ టెస్టు, డ్రైవింగ్ రికార్డు. చివరిది చిన్నదనుకుంటారు. కస్టమర్ కారు టెస్ట్ డ్రైవ్ చేయాలంటే డీలర్ బీమా కంపెనీ ఒప్పుకోవాలి. రెండు మూడు స్పీడింగ్ టికెట్లున్నవాణ్ని బీమా కంపెనీ వద్దంటే డీలర్ చేయగలిగిందేమీ లేదు. మెకానిక్ కావాలనుకునే కుర్రాడు హైస్కూల్‌లోనే తెలుసుకోవాల్సిన విషయమిది.

రెండో చిక్కు, ఒకే కంపెనీ బండ్ల మీద చేయి తిరుగుతుంది. టయోటా స్కానర్‌తో రెండేళ్లు గడిపినవాడు ఫోర్డ్ వైరింగ్ డయాగ్రమ్ ముందు కాస్త తడబడతాడు. అది ఆర్నెల్లలో సర్దుకుంటుంది. అసలు ముందరి కాళ్లకు బంధం వేసేది పనిముట్ల కోసమో, ఫీజు కోసమో డీలర్ ఇచ్చే డబ్బు. ఇన్నేళ్లు ఇక్కడే చేయాలి, ముందే మానేస్తే తిరిగి కట్టాలి అనే షరతు దానికి తగిలించి ఉండొచ్చు. సంతకానికి ముందు ఎన్నేళ్లు, ఏ సందర్భంలో ఎంత కట్టాలి అన్నది కాగితం మీద రాయించుకోండి.

స్పాన్సర్ దొరక్కపోతే అదే కాలేజీలో మామూలు బ్యాచ్‌లో చేరి, ఒక సెమిస్టర్ మార్కులు చూపించి మళ్లీ డీలర్‌ని అడగొచ్చు. కాలేజీ ప్రోగ్రాం కోఆర్డినేటర్ మాట సాయం ఉంటే రెండోసారి పని సులువవుతుంది.

ప్రైవేటు ట్రేడ్ స్కూళ్లు, నేరుగా షాపు

ప్రైవేటు స్కూళ్లలో ఉన్న మేలు వేగం. ఏడాదిలోపే కోర్సు పూర్తవుతుంది, కొత్త బ్యాచ్‌లు తరచుగా మొదలవుతాయి. ఫీజు 30 వేల డాలర్లు దాటడం మామూలే. చేతికొచ్చే మొదటి ఉద్యోగం మాత్రం కమ్యూనిటీ కాలేజీ వాడికి దొరికేదే. అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్కలో 2023 మేలో ఈ వృత్తి మధ్యస్థ వార్షిక వేతనం 47,770 డాలర్లు. కొత్తవాడికి అంతకంటే తక్కువే వస్తుంది. ఆ జీతం మీద 30 వేల అప్పు ఎన్నేళ్లు తీరుస్తారో కాగితం మీద వేసి చూసుకోండి. మీ దగ్గర్లో కమ్యూనిటీ కాలేజీ కోర్సు లేకపోతేనో, వెయిటింగ్ లిస్టు ఏడాది దాటితేనో తప్ప ఇటు చూడకపోవడం మేలు.

చదువు లేకుండా క్విక్ లూబ్ షాపులో చేరడం ఇంకో దారి. ఆయిల్ మార్పు, టైర్లు, ఫిల్టర్లు. నెలకో, రెండు నెలలకో చేయి వేగం పుంజుకుంటుంది. ఆ తర్వాత పైకి వెళ్లే మెట్టు లేక అక్కడే చిక్కుకుపోయేవాళ్లు ఎక్కువ, ఎలక్ట్రికల్ నేర్పేవాడు అక్కడ ఉండడు. కాబట్టి ఒక్కటిగా ఇది చెడ్డ ఎంపికే. వారానికి 20 గంటలు లూబ్ పని, సాయంత్రం కాలేజీ అయితే మాత్రం, స్పాన్సర్ లేనివాళ్లకు ఇంతకంటే మంచి జత లేదు.

కాలేజీ చూడడానికి వెళ్లినప్పుడు

వెబ్‌సైట్ ఫొటోల్లో అన్ని షాపులూ మెరుస్తూనే ఉంటాయి. స్వయంగా వెళ్లి, క్లాసు జరుగుతుండగా గంటసేపు నిలబడి చూడండి.

మొదట గుర్తింపు. ఏఎస్ఈ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ గుర్తింపు మూడు స్థాయుల్లో ఉంటుంది. కనీస బోధన గంటలు మెయింటెనెన్స్ అండ్ లైట్ రిపేర్‌కు 540, ఆటోమొబైల్ సర్వీస్ టెక్నాలజీకి 840, మాస్టర్ స్థాయికి 1,200. "మాది ఏఎస్ఈ గుర్తింపు ఉన్న కోర్సు" అంటే సరిపోదు, ఏ స్థాయి అని అడగాలి. 540 గంటల కోర్సులో ఇంజన్ విప్పి కట్టడం, ట్రాన్స్‌మిషన్ లోపలి పని ఉండవు.

తర్వాత లిఫ్టులు లెక్కపెట్టండి. 20 మందికి 10 లిఫ్టులుంటే ఇద్దరికొకటి, బాగుంది. 24 మందికి 4 లిఫ్టులైతే ఒకడు చేస్తాడు, అయిదుగురు ఫోన్లు చూసుకుంటారు. బయటివాళ్ల కార్లు రిపేరుకు తీసుకుంటారా అని అడగండి. కాలేజీకి విరాళంగా వచ్చిన శిక్షణ కారులో తప్పును ఇన్‌స్ట్రక్టరే పెట్టి ఉంటాడు, దాన్ని ప్రతి బ్యాచూ కనిపెడుతూనే ఉంటుంది. పదిహేనేళ్ల బండి కింద తుప్పు పట్టిన కాలిపర్ స్లైడ్ పిన్ను ఊడదీయడం అక్కడ నేర్చుకోలేరు. ఈఏడీ లేని హెచ్-4 వాళ్లకు షాపు అనుభవం దొరికే చోటు ఇదొక్కటే కాబట్టి, వాళ్లు బయటి కార్లు తీసుకోని కాలేజీని పక్కన పెట్టడమే నయం.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ క్లాసు ఉందంటే రబ్బరు చేతి తొడుగులు చూపించమనండి. 1,000 వోల్టుల క్లాస్ 0 తొడుగులు ఉండాలి, మీద తోలు తొడుగులుండాలి, పరీక్ష తేదీ ఆరు నెలల్లోపుదై ఉండాలి. వాడేముందు గాలి నింపి, చిల్లు ఉందేమో చూసే అలవాటు విద్యార్థుల్లో కనిపించాలి. తేదీ దాటిన తొడుగులు గోడకు వేలాడుతుంటే ఆ క్లాసు బోర్డు మీదే జరుగుతోందని అర్థం.

మరొకటి, ఎవరూ ముందు చెప్పనిది. కొన్ని సబ్జెక్టులు ఏడాదికి ఒక్కసారే పెడతారు. ట్రాన్స్‌మిషన్ క్లాసు తప్పిపోతే సర్టిఫికెట్ ఏడాది వెనక్కి జరుగుతుంది. గత రెండేళ్ల క్లాసుల షెడ్యూలు అడిగి తీసుకుని, ఏది ఏ సెమిస్టర్‌లో వచ్చిందో గుర్తు పెట్టుకోండి. సాయంత్రం క్లాసులు ఉన్నాయంటారు, చివరి రెండు సబ్జెక్టులు మాత్రం పగలే ఉంటాయి. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు.

ఏ సబ్జెక్టు ముందు

ఎంచుకునే వీలుంటే పరిచయ క్లాసు కాగానే ఎలక్ట్రికల్. ఏసీ అయినా, ఇంజన్ పెర్ఫార్మెన్స్ అయినా, ఏబీఎస్ అయినా తీగ లాగితే డొంకంతా అక్కడే కదులుతుంది. ఎక్కువమంది ఫెయిలయ్యేదీ ఇందులోనే. కారణం తెలివి తక్కువై కాదు, మీటరు చూపించిన అంకెను దేనితో పోల్చాలో తెలియక. స్టార్టర్ తిరగడం లేదనుకోండి. బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది, కాబట్టి బ్యాటరీ మంచిదే అనేస్తాడు కొత్తవాడు. స్టార్టర్ తిప్పుతుండగా బ్యాటరీ నెగటివ్ పోస్టుకీ ఇంజన్ బ్లాకుకీ మధ్య కొలిస్తే 0.2 వోల్టులు మించకూడదు. అక్కడ ఒకటిన్నర వోల్టు కనిపిస్తే గ్రౌండ్ కేబుల్ పోయినట్టే. ఈ పరీక్ష తెలియక మంచి స్టార్టర్ పీకి కొత్తది వేస్తారు, బండి మళ్లీ అలాగే నిలబడుతుంది. కారులోని కంప్యూటర్లను కలిపే క్యాన్ నెట్‌వర్క్ కూడా ఇంతే. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లుంటాయి కాబట్టి బ్యాటరీ విప్పి కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక వైపు తెగింది.

చివరి సెమిస్టర్‌లోపు రెండు చిన్న కాగితాలు చేతిలో ఉండాలి. ఏసీ గ్యాసు ముట్టుకోవడానికి ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) సెక్షన్ 609 సర్టిఫికెట్, ఒకసారి పాసైతే మళ్లీ రాయక్కర్లేదు. రెండోది ఏఎస్ఈ ఎంట్రీ లెవెల్ సర్టిఫికేషన్, దీనికి పని అనుభవం అక్కర్లేదు. మిషిగన్‌లో ఉండేవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ మెకానిక్ సర్టిఫికేషన్ వేరేగా ఉంది. కాలిఫోర్నియాలో పొగ పరీక్షలు చేయాలంటే స్మాగ్ చెక్ ఇన్‌స్పెక్టర్ లైసెన్సు కావాలి, దాని శిక్షణ మీ కాలేజీలోనే ఉందేమో చూసుకోండి.

పనిముట్లూ, జీతం లెక్కా

అమెరికా షాపులో లిఫ్టు, స్కానర్, అలైన్‌మెంట్ మిషను యజమానివి. చేతి పనిముట్లు మీవి. మొదటి ఏడాదికి కావలసినవి: పావు, 3/8, అర అంగుళం రాచెట్లు, 6 నుంచి 24 మిల్లీమీటర్ల దాకా పొట్టి, పొడవు సాకెట్లు, 8 నుంచి 19 వరకు రెంచీలు, టార్క్ రెంచ్, 10 మెగా ఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న మల్టీమీటర్, టెస్ట్ లైటు, ప్రై బార్లు. టార్క్ రెంచ్ వాయిదా వేయొద్దు. టయోటా క్యామ్రీ చక్రం నట్లు 76 పౌండ్-అడుగులకు బిగించాలి. ఇంపాక్ట్ గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగిస్తే స్టడ్ సాగుతుంది, డిస్కు వంకర తిరిగి బ్రేకు తొక్కినప్పుడు పెడల్ అదురుతుంది, కారు తిరిగి మీరు పనిచేసే బే లోకే వస్తుంది. ఆ రెండో రిపేరుకు సాధారణంగా మీకు డబ్బు రాదు.

వారం వారం షాపుకొచ్చే పనిముట్ల ట్రక్కు దగ్గర ఖాతా పెట్టడమే చాలామంది కుర్రాళ్ల మొదటి తప్పు. వేల డాలర్ల టూల్ బాక్సు ఉద్దెర మీద కొంటారు, లోపల పెట్టడానికి ఏమీ ఉండదు. పెద్ద పనిముట్ల కంపెనీలు విద్యార్థులకు భారీ తగ్గింపు ఇస్తాయి. అది విద్యార్థిగా ఉన్నంతవరకే. చివరి సెమిస్టర్ ముగిసేలోపు మంచి రాచెట్లు, మీటరు ఆ ధరకు కొని, మిగతావి హార్బర్ ఫ్రైట్‌లో తీసుకుంటే సరిపోతుంది. విరిగినవి మాత్రం తర్వాత ఒక్కొక్కటీ ఖరీదైనవి కొనుక్కోండి.

జీతం అడిగేటప్పుడు గంటకెంత అని మాత్రమే అడగకండి, ఏ గంట అని అడగండి. చాలా డీలర్‌షిప్‌లలో ఫ్లాట్ రేట్, అంటే గుత్త లెక్క. ఒక పనికి పుస్తకంలో గంటన్నర అని ఉంటే, గంటలో ముగించినా గంటన్నర కూలే, మూడు గంటలు పట్టినా గంటన్నర కూలే. చేయి తిరిగినవాడికి ఇది వరం, కొత్తవాడికి నెత్తిమీద బండ. వారెంటీ పనులకు కంపెనీ ఇచ్చే సమయం కస్టమర్ డబ్బు కట్టే పనులకంటే తక్కువగా ఉంటుంది, సహజంగానే అవి కొత్తవాళ్ల మీద పడతాయి. బండ్లు రాని వారంలో 40 గంటలు నిలబడి 22 గంటల కూలి తెచ్చుకోవచ్చు. మొదటి ఏడాదికి నేరుగా గంట జీతమో, వారానికి ఇన్ని గంటలకు తగ్గకుండా అనే హామీయో ఇచ్చే షాపులోనే చేరండి, రేటు రెండు మూడు డాలర్లు తక్కువైనా సరే. ఇంటర్వ్యూలో ఈ మాట అడిగితే తప్పుగా ఎవరూ అనుకోరు.

ఫాల్ సెమిస్టర్ ఆగస్టులో మొదలవుతుంది, డి ఆంజా లాంటి క్వార్టర్ కాలేజీలో సెప్టెంబరు చివర. కంపెనీ బ్యాచ్‌కు స్పాన్సర్ని వెతకడం అంతకు ముందరి జనవరి, ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలి. ఎలక్ట్రికల్ క్లాసు సీట్లు రిజిస్ట్రేషన్ తెరిచిన మొదటి రోజుల్లోనే నిండిపోతుంటాయి. నిండిపోయిందని కనిపించినా వెయిటింగ్ లిస్టులో పేరు వేసి, మొదటి రోజు బూట్లు, సేఫ్టీ గ్లాసులు వేసుకుని క్లాసుకు వెళ్లి నిలబడండి. రానివాళ్ల సీట్లు ఆరోజే ఇచ్చేస్తారు.